జమాఖర్చు తేలని డాస్ టెస్ట్‌బెడ్

సర్వరును ముంచెత్తి వాడుకరులకు సేవ అందకుండా చేసే డాస్ దాడుల మీద రాసే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక గ్రాఫు తరచూ కనిపిస్తుంది. ఎడమవైపు గీత నిలకడగా ఉంటుంది. దాడి మొదలవగానే దబ్బున కింద పడుతుంది. రక్షణ పద్ధతి ఆన్ చేయగానే మళ్ళీ పైకి లేస్తుంది. కింద తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో శాతం అని ఒక వాక్యం. ఆ గీత ఎందుకు పడిందని అడిగితే మాత్రం "దాడి చేశాం కదండీ, పడింది" అన్నదే జవాబు. చేతులెత్తేసింది సర్వరా, దాని ముందున్న రౌటరా, మధ్యలో స్విచ్చా, లేక దాడి ప్యాకెట్లు పుట్టించే యంత్రమే ఊపిరాడక సగం ప్యాకెట్లు తనలోనే పారేసుకుందా? చాలాసార్లు ఎవరికీ తెలియదు. తెలియకపోతే రక్షణ పనిచేసిందన్న మాటకూ విలువ లేదు.

డాస్ టెస్ట్‌బెడ్, అంటే ఈ దాడులను పరీక్షించే ల్యాబు, ముందుగా ఒక జమాఖర్చు పుస్తకం. దాడి యంత్రం సెకనుకు ఎన్ని ప్యాకెట్లు పంపింది, అందులో ఏ మజిలీలో ఎన్ని పోయాయి, చివరికి సర్వరుకు ఎన్ని చేరాయి, ఈ లెక్క తేలాలి. దాడి ఎంత పెద్దదన్నది ఆ తరవాతి సంగతి. పెద్ద పెద్ద యంత్రాలు కొని, ఎక్కువ గిగాబిట్లు కుమ్మరించి, లెక్క మాత్రం తేల్చలేని ల్యాబు కంటే ఎనిమిది పాత డెస్క్‌టాప్‌లతో లెక్క తేలే ల్యాబే మేలని ఈ వ్యాసం వాదన.

టెరాబిట్ల మోజు ఎందుకు వద్దు

2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీద మెమ్‌క్యాష్‌డ్ (డేటాను మెమరీలో దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్లను వాడుకుని జరిగిన దాడి సెకనుకు 1.35 టెరాబిట్లకు చేరింది. అదే దాడిలో ప్యాకెట్ల వేగం సెకనుకు 12.69 కోట్లు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే సగటు ప్యాకెట్ సుమారు 1,330 బైట్లని తేలుతుంది. అంటే పెద్ద ప్యాకెట్లతో గొట్టాన్ని నింపిన దాడి. ఇలాంటి దాడి సర్వరు దాకా రానక్కర్లేదు, ముందున్న లింకు నిండితే చాలు. చిన్న ప్యాకెట్ల దాడి తీరు వేరు. గొట్టంలో చోటు మిగిలే ఉంటుంది కానీ ఒక్కో ప్యాకెట్‌నూ విప్పి చూడాల్సిన ప్రాసెసరు అలసిపోతుంది. మూడో రకం, కనెక్షన్ల వివరాలు రాసుకునే పట్టికలను నింపే దాడి. దీనికి బిట్లూ ఎక్కువ అక్కర్లేదు, ప్యాకెట్లూ ఎక్కువ అక్కర్లేదు. లింకు, ప్రాసెసరు, పట్టిక: మీ ప్రయోగం ఈ మూడింటిలో దేన్ని పరీక్షిస్తోందో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఈ మూడూ చిన్న స్థాయిలోనే దొరుకుతాయి కాబట్టి టెరాబిట్లను అనుకరించాల్సిన పని లేదు.

చిన్న స్థాయి అంటే ఎంత? ఈథర్నెట్ లెక్క చూడండి. అతిచిన్న ఫ్రేము 64 బైట్లు. దాని ముందు ప్రియాంబుల్ 8 బైట్లు, తరవాత ఖాళీ 12 బైట్లు కలిపితే తీగ మీద 84 బైట్లు, అంటే 672 బిట్లు. గిగాబిట్ లింకులో సెకనుకు 14,88,095 ప్యాకెట్లు పడతాయి. మామూలు డెస్క్‌టాప్‌లో లినక్స్ రౌటరు ఒక్క కోరు మీద అన్ని ప్యాకెట్లను దాటించలేక నలిగిపోతుంది. అప్పుడు మీరు లింకును పరీక్షిస్తున్నాననుకుంటారు, నిజానికి రౌటరు ప్రాసెసరును పరీక్షిస్తుంటారు. అదే లింకును 100 మెగాబిట్లకు తగ్గిస్తే అతిచిన్న ప్యాకెట్లు 1,48,809. దీన్ని పాత ఐ5 యంత్రం కూడా తట్టుకుంటుంది. అందుకే ఇరుకు లింకును 100 మెగాబిట్లకు, మిగతా లింకులన్నింటినీ గిగాబిట్‌కు పెట్టుకోవాలి. అప్పుడు ఇరుకు మనం చెప్పినచోటే ఉంటుంది.

సామాను

ఒక సర్వరు. దాని ముందు ఒక లినక్స్ రౌటరు, ఇరుకు లింకు ఈ రెండింటి మధ్య. మామూలు క్లయింట్లకు రెండు యంత్రాలు, దాడికి రెండు. దూరాన్ని అనుకరించడానికి ఒకటి, దీన్ని డిలే పెట్టె అందాం. ప్యాకెట్లను పట్టి దాచడానికి ఒకటి. మొత్తం ఎనిమిది. నడిపించడానికి మీ ల్యాప్‌టాప్ చాలు. వీలాన్ (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్కులుగా విభజించడం), పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు ట్రాఫిక్ నకలును ఇంకో పోర్టుకు పంపడం), పోర్టువారీ కౌంటర్లు ఉన్న మేనేజ్డ్ స్విచ్ ఒకటి. యంత్రాలకు ఆదేశాలు పంపే కంట్రోల్ కోసం విడిగా ఒక చవక స్విచ్. ప్రతి యంత్రానికీ కనీసం రెండు నెట్‌వర్క్ కార్డులు, రౌటరుకూ డిలే పెట్టెకూ మూడేసి.

ఆ రెండో స్విచ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. యూటా యూనివర్సిటీ పరిశోధన టెస్ట్‌బెడ్ ఎమ్యులాబ్‌లో గానీ, దాని సాఫ్ట్‌వేర్ మీదే 2003లో మొదలై దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ కలిసి కట్టిన డెటర్‌లో గానీ కంట్రోల్ నెట్‌వర్క్, ప్రయోగ నెట్‌వర్క్ విడివిడిగానే పెట్టారు. రెండూ ఒకే తీగ మీద నడిస్తే రెండు రకాలుగా దెబ్బ. దాడి జోరందుకోగానే ఎస్‌ఎస్‌హెచ్ (యంత్రాన్ని దూరం నుంచి నడిపే కనెక్షన్) పోతుంది, ఆపుదామన్నా ఆపలేరు. పైగా కొలతలు మోసుకొచ్చే ప్యాకెట్లు కూడా దాడితోపాటే క్యూలో నిలబడి కొలతనే మార్చేస్తాయి.

వర్చువల్ మెషీన్లతో ఒకే పెట్టెలో అంతా కట్టెయ్యొచ్చు కదా అని అడుగుతారు. స్క్రిప్టులు రాసుకోవడానికి, టోపాలజీ అర్థం చేసుకోవడానికి బాగానే ఉంటుంది. ఒకే యంత్రంలో నెట్‌వర్కును అనుకరించే మినీనెట్ ఇందుకు చక్కటి సాధనం. అంకెల కోసం మాత్రం వద్దు. దాడి చేసే వర్చువల్ మెషీన్, దెబ్బ తినే సర్వరు ఒకే ప్రాసెసరును పంచుకుంటే, దాడి ప్యాకెట్ ఒక్కటీ సర్వరుకు చేరకపోయినా సర్వరు నెమ్మదిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఖాళీ దాడి అనండి. దాడి యంత్రాలను అదే వేగంతో నడపండి, కానీ ఆ ప్యాకెట్లను సర్వరు వైపు పోనివ్వకుండా వేరే దారిలో ఒక మూసిన పోర్టుకు పంపండి. మామూలు క్లయింట్ల అంకెలు ఒక్క శాతం కూడా కదలకూడదు. కదిలాయంటే మీ ల్యాబులో దాడికీ సర్వరుకూ చాటుమాటుగా ఏదో ఉమ్మడిగా ఉన్నట్టు. అది ప్రాసెసరు కావచ్చు, డిస్కు కావచ్చు, స్విచ్ బఫరు కావచ్చు. అది దొరికేదాకా అసలు ప్రయోగం మొదలెట్టకండి. సొంత యంత్రాలతో కట్టినవాళ్ళూ ఈ పరీక్ష చేయాల్సిందే. చవక స్విచ్చుల్లో పోర్టులన్నీ ఒకే బఫరును పంచుకోవడం మామూలే.

ఇరుకు లింకులో దాగిన తేడాలు

ఇరుకును రెండు రకాలుగా పెట్టొచ్చు. కార్డు అమరికలు మార్చే ఈథ్‌టూల్‌తో కార్డునే 100 మెగాబిట్లకు దింపేయడం ఒకటి. లినక్స్‌లో క్యూలను నడిపే టీసీలో టోకెన్ బకెట్ అనే వేగ పరిమితి పెట్టి 100 మెగాబిట్లని చెప్పడం రెండోది. చూడ్డానికి రెండూ ఒకటే. కాదు. రౌటరులోంచి దాటే ఖాళీ సిన్ ప్యాకెట్ (కనెక్షన్ కోరే తొలి ప్యాకెట్) లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ కంటికి 54 బైట్లు: ఐపీ, టీసీపీ హెడర్లు 40, ఈథర్నెట్ హెడర్ 14. ప్రియాంబుల్, చెక్‌సమ్, ఖాళీ, 64 బైట్లకు నింపే ప్యాడింగ్, ఇవేవీ టోకెన్ బకెట్‌కు కనబడవు. కాబట్టి అది 100 మెగాబిట్లను 432 బిట్లతో భాగించి సెకనుకు 2,31,481 ప్యాకెట్లు వదిలేస్తుంది. నిజం తీగలో పట్టేవి 1,48,809. మీ ఇరుకు చిన్న ప్యాకెట్లకు ఒకటిన్నర రెట్లు వెడల్పు, పెద్ద ప్యాకెట్లకు దాదాపు సరిపడా. చిన్న ప్యాకెట్ల దాడి కంటే పెద్ద ప్యాకెట్ల దాడే ఎక్కువ హాని చేసిందని ఎవరైనా తేలిస్తే, అది దాడి గుణమో ఈ లెక్క తప్పో చెప్పలేం. టీసీలో స్టాబ్ అనే సదుపాయం దీనికోసమే ఉంది. 24 బైట్ల ఓవర్‌హెడ్, 84 బైట్ల కనీస పరిమాణం ఇవ్వండి, సరిపోతుంది. అంతకంటే కార్డును దింపేయడమే నిజాయితీ గల పద్ధతని మా అభిప్రాయం.

కార్డును దింపినా ఇంకో చిక్కు ఉంది. ఈథర్నెట్ ఫ్లో కంట్రోల్. అవతలి పోర్టు నిండుతుంటే స్విచ్ "కాస్త ఆగు" అని పాజ్ ఫ్రేములు పంపుతుంది. పంపేవాడు ఆగుతాడు. ఇక ఇరుకు దగ్గర ప్యాకెట్లు పోవు, వెనక్కి వెనక్కి జరిగి దాడి యంత్రం దగ్గరే ఆగిపోతాయి. అదే పోర్టు వెంట వచ్చే మామూలు క్లయింటు కూడా ఆగిపోతాడు. నిజం ఇంటర్నెట్‌లో ఇలా దాడి చేసేవాడిని ఎవరూ ఆగమని బతిమాలరు. అన్ని కార్డుల్లో, స్విచ్ పోర్టుల్లో ఫ్లో కంట్రోల్ తీసేయండి.

క్యూ సంగతి. 100 మెగాబిట్లు, 50 మిల్లీసెకన్ల రౌండ్ ట్రిప్ (వెళ్ళి తిరిగొచ్చే సమయం) అనుకుంటే రెండింటి గుణకారం 6,25,000 బైట్లు, 1,500 బైట్ల ప్యాకెట్లలో 416. క్యూ పరిమితిని ప్యాకెట్లలో 416 అని పెడితే, చిన్న దాడి ప్యాకెట్లతో నిండిన క్యూ మూడు మిల్లీసెకన్ల లోపే ఖాళీ అవుతుంది. అదే బైట్లలో పెడితే పదకొండు వేలకు పైగా చిన్న ప్యాకెట్లు పడతాయి. ఒకే దాడి, ఒకే లింకు, ఫలితాలు వేరు. ఏది వాడారో రాయకపోతే ఇంకొకరు మీ ప్రయోగాన్ని మళ్ళీ చేయలేరు. అసలు ఏదీ పెట్టకుండా వదిలేస్తే మరీ తమాషా. ఇప్పటి లినక్స్ పంపిణీల్లో చాలావాటిలో మనం చెప్పకుండానే ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ పద్ధతి వచ్చి కూర్చుంటుంది. అది ప్రవాహాలను విడగొట్టి వంతులు వేస్తుంది. ఒకే అడ్రసు, ఒకే పోర్టు నుంచి వచ్చే యూడీపీ వరదను అది తన వంతుకే పరిమితం చేస్తుంది. అంటే రక్షణ లేని స్థితి అని మీరు కొలుస్తున్నదానిలో రక్షణ ముందే ఉంది.

డిలే పెట్టెలో ప్యాకెట్లను కాసేపు ఆపి వదిలే నెటెమ్ వాడతారు కదా. దాని క్యూ పరిమితి మనం మార్చకపోతే 1,000 ప్యాకెట్లు. 50 మిల్లీసెకన్లు ఆపమని చెబితే, 1,000 ప్యాకెట్లను 0.05 సెకన్లతో భాగించండి, సెకనుకు 20,000. అంతకుమించి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ డిలే పెట్టే పారేస్తుంది. మీరు 50,000 పంపుతుంటే 30,000 రౌటరు ముఖం కూడా చూడవు. "మా రౌటరు సెకనుకు యాభై వేల ప్యాకెట్ల దాడిని తట్టుకుంది" అన్న మాటల వెనక కొన్నిసార్లు ఇదే ఉంటుంది. పరిమితిని లక్షకు పెంచితే సరి. ఇంకా ప్యాకెట్లను మూటగా కట్టి నడిపే టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, జీఆర్‌ఓ ఆఫ్‌లోడ్‌లు కూడా ఆపేయండి. లేకపోతే క్యూలో ఒక ప్యాకెట్‌గా కనబడేది నిజానికి నలభై ప్యాకెట్ల మూట కావచ్చు.

దొంగ అడ్రసులు

సిన్ ప్యాకెట్లను కుమ్మరించే సిన్ వరదలో పంపినవాడి అడ్రసు దొంగది. టెస్ట్‌బెడ్‌లో ఈ దొంగ అడ్రసులు మూడు చోట్ల తిప్పలు పెడతాయి. మొదటిది రౌటరులో ఆర్‌పీ ఫిల్టర్. ఆ అడ్రసుకు తిరుగుదారి ప్యాకెట్ వచ్చిన పోర్టు వైపే లేకపోతే కెర్నెల్ మారుమాట లేకుండా పారేస్తుంది. 2000 మే నెలలో వచ్చిన ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2827 అన్ని నెట్‌వర్కులనూ చేయమని అడిగిన పని కూడా ఇలాంటిదే. కానీ ఇక్కడ మనం ఆ వడపోత లేని ప్రపంచాన్ని అనుకరిస్తున్నాం కాబట్టి తెలిసి, రాసిపెట్టుకుని తీసేయాలి.

రెండోది, దొంగ అడ్రసు ల్యాబులో నిజంగా ఉన్న యంత్రానిదైతే. సర్వరు జవాబుగా పంపిన సిన్-ఆక్ ప్యాకెట్ అందుకుని ఆ యంత్రం "నేనెప్పుడు అడిగాను" అని రీసెట్ పంపుతుంది. సగం తెరుచుకున్న కనెక్షన్ వెంటనే చెరిగిపోతుంది, దాడి పనిచేయదు. దొంగ అడ్రసు సర్వరు ఉన్న సబ్‌నెట్‌దే అయితే ఏఆర్‌పీ వెతుకులాటతో (ఆ అడ్రసు ఏ కార్డుదని అడగడంతో) ఇంకో రకం గందరగోళం. అందుకే బెంచ్‌మార్కు పరీక్షల కోసం విడిగా కేటాయించిన 198.18.0.0/15 నుంచి అడ్రసులు తీసుకుని, వాటికి తిరుగుదారి రౌటరులో బ్లాక్‌హోల్‌కు పెట్టాలి. దారి లేదని చెప్పే ఐసీఎంపీ జవాబు కూడా రాకూడదు, చప్పుడు లేకుండా మింగేయాలి.

మూడోది కాన్‌ట్రాక్, అంటే దాటే ప్రతి కనెక్షన్‌నూ కెర్నెల్ రాసుకునే పట్టిక. రౌటరులో ఒక్క నాట్ (అడ్రసులు మార్చే) నియమమో, స్టేట్‌ఫుల్ (కనెక్షన్లను గుర్తుపెట్టుకునే) ఫైర్‌వాల్ నియమమో ఉంటే చాలు, ప్రతి దొంగ సిన్‌కూ పట్టికలో ఒక గడి ఖర్చు. పట్టికలో 2,62,144 గళ్ళున్నాయనుకుందాం. సెకనుకు 50,000 చొప్పున అయిదు సెకన్ల చిల్లరలో నిండిపోతుంది. కెర్నెల్ లాగులో "టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" అని పడుతుంది. సర్వరు మాత్రం హాయిగా ఉంటుంది, దానికి ఏమీ చేరదు కాబట్టి. సర్వరులో సిన్ వరదకు రక్షణగా వాడే సిన్ కుకీలు పెట్టినా పెట్టకపోయినా ఫలితం ఒకటేగా వస్తే ముందు రౌటరు లాగు చూడండి.

అసలు వాడుకరి ఎలా కనబడాలి

డాస్ అంటే సేవ అందకపోవడం. ఎవరికి అందలేదో కొలవకుండా మెగాబిట్లు కొలిస్తే ప్రయోజనం లేదు. డెటర్‌లో పనిచేసిన పరిశోధకులు 2006 ప్రాంతంలోనే ఈ మాట గట్టిగా చెప్పారు: వాడుకరి మొదలుపెట్టిన లావాదేవీల్లో అతను ఓపిక పట్టగలిగే సమయంలో ఎన్ని పూర్తయ్యాయి? అదే కొలత.

దీనికి క్లయింటు ప్రోగ్రాం సరిగా ఉండాలి. ఎక్కువమంది వాడేది, ఒక అభ్యర్థన పంపి, జవాబు వచ్చాకే రెండోది పంపే రకం. సెకనుకు పది చొప్పున నిమిషానికి 600 అభ్యర్థనలు అనుకోండి. మధ్యలో పది సెకన్లు సర్వరు బిగుసుకుపోయింది. ఆ ప్రోగ్రాం ఒక్క అభ్యర్థన పంపి పది సెకన్లు ఎదురుచూస్తుంది. రిపోర్టులో 501 అభ్యర్థనలు, ఒక్కటే ఆలస్యం, వైఫల్యం 0.2 శాతం. నిజం వాడుకరులు ఒకరి కోసం ఒకరు ఆగరు. ఆ పది సెకన్లలో వంద మంది వచ్చి ఉండేవారు. రెండు సెకన్లు దాటితే వైఫల్యం అనుకుంటే వారిలో మొదటి 80 మందికి సేవ అందనట్టే. 600లో 80, అంటే 13.3 శాతం. ఒకే సర్వరు, ఒకే బిగుసుకుపోవడం, అరవై ఐదు రెట్లకు పైగా తేడా. డబ్ల్యూఆర్‌కే2 లాంటి స్థిరవేగ సాధనాలు పుట్టింది ఇందుకే.

కీప్-అలైవ్ (ఒకే కనెక్షన్‌ను తెరిచి ఉంచి మళ్ళీ మళ్ళీ వాడడం) కూడా చూసుకోండి. సిన్ వరద కొత్త కనెక్షన్లను అడ్డుకుంటుంది. ఇప్పటికే తెరుచుకున్నవాటి జోలికి పోదు. మీ క్లయింట్లు ప్రయోగం ముందు తెరిచిన నాలుగు కనెక్షన్ల మీదే అంతా నడిపితే దాడికి చలించరు, మీరేమో రక్షణ అద్భుతమంటారు. కొంత కొత్త కనెక్షన్లతో, కొంత పాతవాటితో నడిపి రెండు అంకెలూ విడిగా ఇవ్వాలి. రికార్డు చేసిన ట్రాఫిక్‌ను టీసీపీ రీప్లేతో మళ్ళీ వదలడం మామూలు క్లయింట్లకు అసలు పనికిరాదు. దారి నిండినా అది వేగం తగ్గించదు, రికార్డుకు ప్యాకెట్ పోయిందన్న బాధ లేదు.

క్లయింట్లందరినీ ఒకే దూరంలో పెట్టకండి. 10, 40, 80, 200 మిల్లీసెకన్లు అని పంచండి. హైదరాబాదులో కూర్చుని అమెరికాలోని సర్వరు తెరిస్తే 200 దాటడం మామూలే. దూరపు వాడికి దెబ్బ వేరుగా తగులుతుంది. సిన్ కుకీలనే తీసుకోండి. సర్వరు ఏమీ గుర్తుపెట్టుకోకుండా సమాచారాన్ని సీక్వెన్స్ నంబరులో దాస్తుంది కాబట్టి, టైమ్‌స్టాంపులు లేని క్లయింటుకు విండోను (జవాబు రాకముందు పంపగల డేటాను) పెంచే విండో స్కేలింగ్ పోతుంది. విండో 65,535 బైట్ల దగ్గర ఆగుతుంది. 200 మిల్లీసెకన్ల దూరంలో ఉన్నవాడికి ఎంత పెద్ద లింకున్నా 2.6 మెగాబిట్లు దాటదు. పది మిల్లీసెకన్ల దూరంలో ఉన్నవాడికి ఈ నష్టం తెలియను కూడా తెలియదు. ఇది దాడి వల్ల వచ్చిన నష్టం కాదు, రక్షణకు చెల్లించిన ధర. దూరాలు లేని ల్యాబులో ఈ ధర కనబడదు.

కెర్నెల్ వెర్షన్ రాయని ఫలితం

సిన్ వరదలో కాగితం లెక్క తేలిక. లినక్స్ సర్వరు జవాబు రాని సిన్-ఆక్‌ను అయిదుసార్లు తిరిగి పంపుతుంది: 1, 3, 7, 15, 31 సెకన్ల దగ్గర. 63వ సెకనుకు వదిలేస్తుంది. క్యూలో 256 చోట్లుంటే సెకనుకు నాలుగైదు సిన్‌లతో నిండాలి. ల్యాబులో అలా రాదు. క్యూ సగం దాటగానే కెర్నెల్ పాతవాటికి తిరిగి పంపడం తగ్గించి ముందే తీసేస్తుంది. సిన్ కుకీల అమరిక 0, 1, 2 అని మూడు: ఎప్పుడూ వద్దు, క్యూ నిండితేనే, ఎప్పుడూ. లినక్స్ మనం ముట్టకపోతే 1 ఉంటుంది. మూడింటినీ కొలిస్తేనే కథ తెలుస్తుంది. ఎదురుచూసే కనెక్షన్ల క్యూకు గరిష్ఠ పరిమితి అయిన సోమాక్స్‌కాన్ మామూలు విలువ కూడా 5.4 కెర్నెల్ నుంచి 128 బదులు 4096 అయింది. రెండేళ్ళ తేడాతో ఇద్దరు చేసిన ప్రయోగం ముప్ఫై రెండు రెట్ల తేడాతో మొదలవుతుందన్నమాట.

ఇదే సంగతి తక్కువ వేగపు దాడిలో ఇంకా స్పష్టం. 2003లో కుజ్మనోవిచ్, నైట్లీ చూపించిన దాడి టీసీపీ కనీస రీట్రాన్స్‌మిషన్ గడువు (పోయిన ప్యాకెట్‌ను తిరిగి పంపే ముందు ఆగే సమయం) మీద ఆధారపడుతుంది. ప్రామాణికం ఆ గడువును ఒక సెకను అంటుంది, లినక్స్ 200 మిల్లీసెకన్లు వాడుతుంది. సిమ్యులేటర్‌లో దాడిని సెకనుకోసారి చేసినప్పుడు గ్రాఫులో కనబడిన లోయ మీ లినక్స్ ల్యాబులో అక్కడ కనబడకపోతే దాడి పాతబడిందని తీర్పు చెప్పేయకండి.

డేటాసెట్ల కోసం టెస్ట్‌బెడ్ కట్టేవారికి ఒక పాత గాయం గుర్తు చేయాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో ఇప్పటికీ కనబడే కేడీడీ 99 డేటా (దాడులను గుర్తించడం నేర్పే డేటాసెట్), అమెరికాలోని లింకన్ ల్యాబు అక్కడి రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం నడిపిన టెస్ట్‌బెడ్ నుంచి వచ్చింది. ఆ పరంపరలోని 1999 డేటాను తవ్విన మహోనీ, చాన్ 2003లో ఒక విచిత్రం బయటపెట్టారు. టీటీఎల్ (ప్రతి రౌటరు దాటినప్పుడు ఒకటి తగ్గే అంకె) 126, 253 ఉన్న ప్యాకెట్లు దాడుల్లోనే ఉన్నాయి. మామూలు ట్రాఫిక్‌లో ఎక్కువగా 127, 254. దాడి యంత్రాలు ఒక మజిలీ అవతల కూర్చున్నాయి, అంతే. ఆ ఒక్క అంకె చూసి దొంగను పట్టేయొచ్చు, దాడి గురించి ఏమీ నేర్చుకోకుండానే. దీనికి మందు తేలిక. దాడి యంత్రాలు, క్లయింట్ యంత్రాలు ఒకే రకం, ఒకే ఓఎస్, ఒకే దూరం ఉండాలి. సగం ప్రయోగాల తరవాత పాత్రలు మార్చండి: నిన్నటి క్లయింటు నేడు దాడి యంత్రం. డిటెక్టర్ అంకెలు పడిపోతే అది నేర్చుకున్నది దాడిని కాదు, యంత్రాన్ని.

బయటికి పోకుండా

ప్రయోగ నెట్‌వర్కులో డీఫాల్ట్ రూటు ఉండకూడదు. వైఫై కార్డులు ఉంటే ఊడదీయండి, ఆపడం కాదు. కాలేజీ ల్యాన్‌లో వీలాన్ ఒకటి అడిగి సర్దుకుందామనుకోకండి, తప్పు పోర్టులో ఒక్క తీగ గుచ్చితే హాస్టలంతా ఆఫ్‌లైన్. మెమ్‌క్యాష్‌డ్, డీఎన్‌ఎస్ రిఫ్లెక్టర్లను (దొంగ అడ్రసుకు జవాబులు పంపి దాడిని పెంచే సర్వర్లను) నిజంగా తెరిచిపెట్టక్కర్లేదు. సర్వరు దగ్గరికి చేరే ట్రాఫిక్ ఆకారం చాలు, దాన్ని ట్రెక్స్ లాంటి జనరేటరు పుట్టిస్తుంది. మాల్వేర్ నమూనాల అవసరం అంతకన్నా లేదు. ప్రతి జనరేటరుకూ గరిష్ఠ వేగం, గరిష్ఠ సమయం లోపలే బిగించి ఉండాలి, మనిషి ఆపితే ఆగేలా కాదు. అనుమతి లేకుండా ఇతరుల యంత్రానికి సేవ ఆపేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ళ జైలు, అయిదు లక్షల జరిమానా దాకా పోతుంది. "పరిశోధన కోసమే" అన్న మాట అనుమతికి సాటి రాదు.

లెక్క తేల్చడం

సెకనుకు 50,000 ప్యాకెట్లు, 60 సెకన్లు. మొత్తం 30,00,000. ఇవి తీగ మీద 33.6 మెగాబిట్లే, ఇరుకు లింకు మూడోవంతే నిండుతుంది. కాబట్టి ఈ వేగంలో క్లయింట్లు విఫలమైతే తప్పు లింకుది కాదని ముందే తెలుసు. ఇప్పుడు దారి వెంట నడవండి. జనరేటరు కార్డు పంపినవి. స్విచ్ పోర్టులో వచ్చినవి, పారేసినవి. డిలే పెట్టెలో నెటెమ్ పారేసినవి. రౌటరు కార్డు రింగు నిండి వదిలేసినవి, ఈథ్‌టూల్ గణాంకాల్లో ఉంటాయి. రౌటరు కెర్నెల్ అందుకోలేక పారేసినవి, సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్లో రెండో నిలువు వరస. ఇందులో అంకెలు హెక్సాలో ఉంటాయి, 000f4240 అంటే పది లక్షలు, చాలామంది సున్నాలు చూసి ఏదో చిన్నదనుకుంటారు. తరవాత టీసీ క్యూ పారేసినవి, కాన్‌ట్రాక్ పారేసినవి. సర్వరులో ఎన్‌స్టాట్ చూపే లిజన్ డ్రాప్స్, లిజన్ ఓవర్‌ఫ్లోస్, సిన్‌కుకీస్ సెంట్. ఓవర్‌ఫ్లోస్ పెరుగుతుంటే నిండింది యాక్సెప్ట్ క్యూ (పూర్తిగా తెరుచుకుని అప్లికేషన్ కోసం ఆగినవి), అంటే అప్లికేషన్ నెమ్మది. ఓవర్‌ఫ్లోస్ కదలకుండా డ్రాప్స్ మాత్రమే పెరిగితే చూపు సిన్ క్యూ వైపు తిప్పాలి. పారేసినవన్నీ, చేరినవి కలిపి 30,00,000 రావాలి. పది వేలు తేడా వస్తే ఫర్వాలేదని వదిలేయకండి, అది ఏ మజిలీదో వెతకండి.

ప్యాకెట్లు పట్టడం సర్వరులోనే చేస్తే ఆ పని కూడా సర్వరు ప్రాసెసరునే తింటుంది. మిర్రర్ పోర్టు నుంచి విడి యంత్రంలో పట్టండి, ప్యాకెట్‌కు 96 బైట్లు చాలు. ఇరుకు లింకు పూర్తిగా నిండితే చిన్న ప్యాకెట్లతో సెకనుకు సుమారు 11 మెగాబైట్లు, అయిదు నిమిషాల దాడికి మూడున్నర గిగాబైట్లు. గడియారాలన్నీ సరిచూసే తలనొప్పి కూడా తప్పుతుంది, అన్నీ ఒకే యంత్రం సమయం.

ఒక్కో పరుగు పదిహేను నిమిషాలు: అయిదు మామూలుగా, అయిదు దాడి, అయిదు కోలుకోవడం. మూడో భాగాన్ని ఎవరూ పట్టించుకోరు, అక్కడే సరుకుంది. ఒక్కో అమరికకు పది పరుగులు, అమరికల వరసను కలగలిపి. పరుగుకూ పరుగుకూ మధ్య యంత్రాలు రీబూట్ చేయడం ఉత్తమం. ఓపిక లేకపోతే కనీసం టీసీపీ మెట్రిక్స్, ఏఆర్‌పీ, కాన్‌ట్రాక్ పట్టికలు తుడిచేయండి. కనెక్షన్లు పూర్తిగా తెరిచి చెప్పకుండా మాయమయ్యే దాడిలో కాన్‌ట్రాక్ ఆ గళ్ళను 4,32,000 సెకన్లు అట్టేపెడుతుంది, అంటే అయిదు రోజులు. సోమవారం ఉదయం చేసిన దాడి గళ్ళు శుక్రవారం కూడా రౌటరులో కూర్చునే ఉంటాయి. పదో పరుగు మొదటి పరుగుకు పోలిక లేకుండా వస్తే ముందు తెరవాల్సింది ఆ పట్టికే.